చాటెడు తవుడు

"పారేసినావా, లేదా? అదొక్కటి చెప్పు బయమ్మా."

"పారేసినానక్కా."

"యాడ?"

"తిప్పలో."

"ఆ మీదట?"

"అమ్మినాం. సిద్దక్క కొనుక్కునింది."

కృపాకుమారి పెన్నుకు మూత పెట్టేసింది. ముప్పై ఏళ్ళు పోలీసు శాఖలో చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయి, నాలుగేళ్ళుగా వకీళ్ళకు నిజానిజాలు తవ్విపెడుతోంది. ఆ పనిలో అబద్ధాలాడేవాళ్ళను లెక్కలేనంతమందిని చూసింది. ఇంత నింపాదిగా నేరం ఒప్పుకుని, అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకునే తల్లిని చూడడం మాత్రం ఇదే మొదలు.

ఉదయం ఏడూ నలభై. మధ్యాహ్నం రెండున్నరకు అనంతపురం పిల్లల కోర్టులో అప్పీలు విచారణ. కంబదూరు పక్కనున్న ఈ పల్లె నుంచి కోర్టుకు కారులో రెండు గంటలు. అంటే చేతిలో ఉన్నది నాలుగు గంటల పైచిలుకు, అంతే.

బయమ్మ రాయదుర్గంలో జీన్స్ కుట్టే షెడ్డులో దారాలు కత్తిరించే పని చేస్తుంది. ఆదివారం ఇంటికొస్తుంది. మొగుడు ఓబులేష్ గొర్రెలు తోలుకుని కణేకల్ కాలువల వైపు పోయాడు. ఒక్కగానొక్క కూతురు పక్కింటి సిద్దమ్మ దగ్గర పెరిగేది. మార్చి నాలుగో తేదీ, సోమవారం, పదకొండూ ఇరవైకి, తల్లి కోసం ఏడుస్తుంటే చూపిద్దామని బిడ్డను తీసుకుపోయిన సిద్దమ్మ రాయదుర్గం బస్టాండులో ఎండదెబ్బకు పడిపోయింది. ఆమెను ఆస్పత్రికి, బిడ్డను ఒక ప్రైవేటు శిశు సదనానికి చేర్చారు. మూడో రోజు బయమ్మ పరుగెత్తుకుపోతే సదనంలో వాంగ్మూలం రాసుకుని వేలిముద్ర వేయించుకున్నారు. బిడ్డను మాత్రం ఇవ్వలేదు. తొమ్మిదిసార్లు తిప్పి, జూలైలో సంక్షేమ కమిటీ చేత ఉత్తర్వు ఇప్పించారు: ఈ బిడ్డ మీద తల్లికిక హక్కు లేదు, దత్తతకు ఇవ్వవచ్చు.

ఉత్తర్వుకు ఊపిరి ఆ వాంగ్మూలమే. అందులో ఒక్క వాక్యం. "నేను నా బిడ్డను 3-3-2024 ఆదివారం తిమ్మన్న కొట్టం వెనుక చెత్తకుప్పలో పారవేసి, తదుపరి సిద్దమ్మ అను స్త్రీకి విక్రయించితిని."

"అక్కా, ఈ వాక్యం లేకుంటే పావుగంటలో గెలుస్తాను" అంది నిన్న లాయరు ఉమాదేవి. "ఇది ఉంటే ఎవరొచ్చినా గెలవలేం. అది అబద్ధమని ఆమె నోట చెప్పించు."

చెప్పించడం మాట అటుంచి, ఆమె ఇంకా గట్టిగా ఒప్పుకుంటోంది.

"ఎవురన్నా బలవంతం చేసి చెప్పించినారా?" కృపాకుమారి గొంతు కాస్త కరుకైంది.

"బలవంతమేంటికక్కా? దాచుకునేదా అది! ఊరంతా చూసిరి. డప్పులు గూడా కొట్టించినాం."

"ఏం కొట్టించినారు?"

"డప్పులు."

కృపాకుమారి పెన్ను మూత మళ్ళీ తీసింది. బిడ్డను పారేసే తల్లి డప్పులు కొట్టించి పారేస్తుందా? ఇంతమంది వకీళ్ళూ అధికారులూ ఈ మనిషిని అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. అడగడానికి తనకే నోరు రాక ఇంతసేపూ ఆగింది.

"ఎంతకు అమ్మినావు?"

"చాటెడు తవుడుకు."

అంతే. కృపాకుమారికి నవ్వు ఆగలేదు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. బయమ్మ ఒలిచే కాయ చేతిలోనే పెట్టుకుని, ఈయమ్మకేమైందా అన్నట్టు చూసింది.

"ముందర ఎంతమంది పోయినారు నీకు?"

"ఇద్దరు. ఇద్దరూ పురిట్లోనే. మూడోది నిలవల్లని పదకొండో దినం తిప్ప మీద పండబెట్టినాం. సిద్దక్క చాటెడు తవుడు పోసి కొనుక్కునె. మళ్ళా నాకే సాకమని ఇచ్చె. అందుకే తిప్పక్క అని పేరు పెట్టుకున్నాం."

పుట్టిన పిల్లలు దక్కకపోతే తరువాతి బిడ్డను ఎరువు తిప్ప మీద వేసి, ఇది మాది కాదు పారేశాం అనిపించి, పరాయి చేత తవుడుకు కొనిపించే ఆచారం ఈ సీమలో తెలియనివాళ్ళు తక్కువ. కృపాకుమారిది గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో క్రైస్తవ కుటుంబమైనా, చదువుకున్న క్లాసులోనే ఇద్దరు తిప్పయ్యలుండేవారు. వాంగ్మూలంలో తిప్ప అని రాసివుంటే మొదటి రోజే పట్టుకునేది. "చెత్తకుప్ప" అనీ "విక్రయించితిని" అనీ రాసేసరికి తనకూ అది నేరంలాగే కనబడింది, ఇందాక బయమ్మ తిప్ప అన్నా చెవికెక్కలేదు. పైగా కాగితాల్లో బిడ్డ పేరు తిప్పక్క కాదు. సదనంవాళ్ళు పెట్టుకున్న పేరు, సహస్ర.

"ఇది ఎన్నేండ్ల మాట?"

"మూడేండ్లు. బిడ్డకిప్పుడు మూడు నిండినాయి."

"మార్చి మూడు అని నువ్వు చెప్పినావా?"

"నాకు తేదీలు యాడ తెలుసక్కా? ఆళ్ళే రాసుకున్నారు."

నవ్వు అయిపోయాక అసలు చిక్కు కనిపించింది. ఇదంతా విన్నాక అవతలి లాయరు ఒకటే అంటాడు: బాగుంది కథ, కేసు ఓడిపోయేటప్పుడు అల్లుకున్నారు. పారేసింది మూడేళ్ళ కిందట పదకొండో రోజునా, మొన్న మార్చిలోనా? రుజువు కావాలి.

కొన్న మనిషి పక్క గుమ్మంలోనే ఉంది. ఎనిమిదీ పదికి కృపాకుమారి సిద్దమ్మ ఎదురుగా కూర్చుంది.

"పెద్దమ్మా, తిప్ప మీద బిడ్డను కొన్నది నువ్వే గదా?"

"నేనేం కొనలేదు."

"తవుడు పోసి..."

"నాకేం తెల్దు. ఆ బిడ్డ ఎవురో గూడా తెల్దు నాకు."

"సిద్దక్కా!" గుమ్మంలో నిలబడ్డ బయమ్మ కేక అది. మూడేళ్ళు ఆ బిడ్డకు సంగటి మెత్తగా పిసికి తినిపించిన మనిషి ఈ మాట అంటుందని కలలో కూడా అనుకోలేదు.

కృపాకుమారి సిద్దమ్మ మొహం చూడలేదు. చేతులు చూసింది. ఎడమచేతి బొటనవేలి మీద నీలం సిరా, గోరు సందుల్లో ఇంకా ఆరినట్టు లేదు.

"ఏలిముద్ర ఎవురు తీసుకునిరి?"

సిద్దమ్మ చేతిని చీర చెంగులో దాచుకుంది.

"ఎప్పుడు? నిన్ననా?"

"నిన్న సాయంత్రం" అని ఏడుపు గొంతుతో చెప్పింది. "నల్లద్దాలు పెట్టుకునుండె ఆయప్ప. బిడ్డల్ని కొన్నోళ్ళకు ఏడేండ్లు జైలంట. బిడ్డను ఎరగనని చెప్తే ఇడుస్తారంట. ఏం చేయల్ల నేను? ఆ పొద్దు బస్టాండులో దాని చెయ్యి ఇడిసినానే, ఆ పాపమే నన్ను తినేస్తాండాది. ఇంగ జైలు గూడానా!"

నల్లద్దాలంటే దివాకర్. అనంతపురంలో డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టుకున్నవాడు ఆయనొక్కడే. సదనంవాళ్ళ తరఫున పని చేస్తున్నాడన్నమాట. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పదేళ్ళయినా ఈ ఊళ్ళ మాట ఒంటబట్టలేదు. పనిమంతుడు, అందులో సందేహం లేదు. తనకంటే ఒక పూట ముందుండడం ఆయనకు అలవాటు, అదే ఆమెకు ఒళ్ళుమంట.

"పెద్దమ్మా, తవుడు పోసి కొన్నోళ్ళకు జైలు యాడా లేదు. నేను పోలీసులో చేసిన దాన్ని, నా మాట నమ్ము. ఎండదెబ్బకు పడిపోయింది నీ తప్పు గాదు. కొన్నావా?"

"కొన్నాను తల్లీ." సిద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. "నా బిడ్డే అది. తిమ్మన్న తిప్పలోనే ఎత్తుకున్నా. పోయి చూద్దామన్నా ఆ తిప్ప ఇప్పుడు ల్యా. ఎద్దులే లేకపాయె, తిప్ప యాడుంటాది?"

కృపాకుమారి లేచి నిలబడింది.

"ఇంగొకసారి చెప్పు. తిప్ప లేదా?"

తిమ్మన్న కొట్టం వెనక అప్పటికే మనిషున్నాడు. నల్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని, ఫోనుతో నాలుగు మూలల నుంచీ ఫోటోలు తీస్తున్నాడు.

"రండి మేడం. మళ్ళీ ఆలస్యమేనా?" అన్నాడు దివాకర్.

"నువ్వు ముందర పోతావు గదప్పా, దోవ నున్నగా అవుతాదని వెనకొస్తా. ఏం దొరికినాది?"

"మీ క్లయింటు చెప్పిన చోటు, చెప్పిన కుప్ప." మూలనున్న ఎండు కట్టె, ప్లాస్టిక్ సంచులు, కొబ్బరిచిప్పలు చూపించాడు. "వాంగ్మూలానికి అచ్చంగా సరిపోయింది. కొన్నావిడ బిడ్డనే ఎరగనంటోంది. తల్లేమో అమ్మానంటోంది. ఇద్దరిలో ఎవరిది అబద్ధమైనా కేసు నాదే."

"తిప్పంటే ఏమప్పా?"

"చెత్తకుప్ప."

"పదేండ్లుగా ఈ నీళ్ళు తాగి నేర్చింది ఇదేనా? తిప్పంటే ఎద్దుపెండ వేసే ఎరువు కుప్ప. దీంట్లో ఒక్క పిడికెడు పెండ చూపించు, నేను ఇంటికి పోతా."

దివాకర్ కుప్ప వైపు చూశాడు. పెండ లేదు. కొట్టంలో గాటికి కట్టిన పశువూ లేదు. ఈ సందడికి తిమ్మన్న తువ్వాలు దులుపుకుంటూ బయటికొచ్చాడు. బక్కపలచటి ముసలాయన, మాటకు ముందు దగ్గు.

"ఎద్దులు ఏమాయె తిమ్మన్నా?"

"అమ్మేస్తి. వాన లేదు, మేత లేదు, ఏం పెట్టేది? పోయిన సంవచ్చరం ఎండాకాలమే పోయినాయి. ఉన్న ఎరువంతా చేనికి తోలేసి, తిప్ప ఉన్న తావున శనక్కాయ ఆరబెట్టుకునేదానికి ఇదో, ఈ సిమెంటు కళ్లం ఏపించినా."

"ఏ దినం వేపించినావు?"

"రాసిపెట్టినా గదమ్మా. ఆ సారు కాలి కింద ఉండాది చూడు."

"కాస్త ఆ కాలు తీయప్పా దివాకరూ" అంది కృపాకుమారి.

దివాకర్ కాలు తీశాడు. తిమ్మన్న చీపురుతో దుమ్ము ఊడ్చాడు. పచ్చి సిమెంటు మీద మేకుతో గీసిన అంకెలు బయటపడ్డాయి: 24-11-23. దాని కింద వంకరటింకర అక్షరాలతో, తిప్పక్క. పక్కనే లోపలికి దిగిన చిన్న కుడిపాదం, అయిదు వేళ్ళతో సహా.

"వద్దు వద్దంటాంటే తొక్కేసె" అన్నాడు తిమ్మన్న. "పోనీలే, దాని తిప్పే గదా ఇది, అని పేరు గూడా రాస్తి."

బయమ్మ గబుక్కున కూలబడి ఆ పాదంలో అరచెయ్యి పెట్టింది. అయిదు నెలలుగా తాకడానికి ఆమెకు దొరికింది అదొక్కటే. కృపాకుమారి మొహం పక్కకు తిప్పుకుంది. ఎదుట దివాకర్ ఉన్నాడు, ఆయన ముందు కంటతడి పెట్టుకోవడం ఆమెకు చచ్చినా ఇష్టం లేదు.

"రాసుకో" అంది. "నవంబరు ఇరవై నాలుగుకే ఈడ తిప్ప లేదు. మార్చి మూడున ఏ తిప్పలో పారేసె? తిప్పలో వేసినాకనే తిప్పక్క అని పేరొస్తాది. పారేయకముందే పేరెట్ల వచ్చె?"

"నిన్న రాత్రి చెక్కి ఉండొచ్చు."

"అక్షరాలు చెక్కొచ్చు. ఎండిన సిమెంటులో పాదం దిగుతాదా? పోనీ, కొత్తగా సిమెంటు పోసి తొక్కించినామనుకో. బిడ్డ మార్చి నుంచి మీ సదనంలోనే ఉండాది గదప్పా! ఈ పాదం కొలిచి, ఆ పాదం కొలువు. పెరిగిన కాలు మళ్ళా చిన్నదయితాదా?"

దివాకర్ జేబులోంచి టేపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని తానే కొలిచాడు. మడమ నుంచి బొటనవేలి దాకా పన్నెండున్నర సెంటీమీటర్లు. రెండుసార్లు కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాడు.

"సిద్దమ్మ ఏలిముద్ర కాగితం ఇచ్చేయ్."

"అది నా క్లయింటుది మేడం. ఇవ్వను." అద్దాలు కిందికి దించుకున్నాడు. "కానీ కొలత అడిగితే మాత్రం ఉన్నదే చెబుతాను."

తొమ్మిదీ నలభై. తిమ్మన్న, సిద్దమ్మ, బయమ్మ, ముగ్గురినీ కృపాకుమారి కారులో ఎక్కించింది.

రెండూ యాభైకి కేసు పిలిచారు. ఉమాదేవి ఫోటోలు అందించింది, తిమ్మన్న దగ్గుతూ సాక్ష్యం చెప్పాడు. సదనం లాయరు అనుకున్నంతా అన్నాడు: కథ అల్లారు, సిమెంటు కొత్తది, సిద్దమ్మ నిన్న ఒకటి చెప్పి ఈరోజు ఇంకొకటి చెబుతోంది. సిద్దమ్మ లేచి నిలబడి, "నిన్న భయపడి చెప్పినా సార్, ఈ పొద్దు భయం పోయినాది" అంది. జడ్జిగారు పెన్ను కింద పెట్టారు.

"గుర్తును కొలిచింది ఎవరు?"

దివాకర్ లేచాడు. "నేనే. సదనం తరఫు మనిషిని. పన్నెండున్నర."

సదనం లాయరు ఆయన్ను మింగేసేలా చూశాడు. సదనం ఆయా ఎత్తుకుని కూర్చున్న బిడ్డ కాలిని కోర్టు గుమాస్తా స్కేలు పెట్టి కొలిచాడు. పద్నాలుగున్నర. జడ్జిగారు ఆ అంకె రాసుకుని బయమ్మ వైపు తిరిగారు.

"ఏమ్మా, ఎంతకు అమ్మినావు?"

"చాటెడు తవుడుకు సార్."

కోర్టు హాలులో వెనక బెంచీల దాకా నవ్వు పాకింది. జడ్జిగారు కూడా నవ్వు ఆపుకోవడానికి ఫైలు తిప్పారు. తరువాత పది నిమిషాల్లో అంతా అయిపోయింది. కమిటీ ఉత్తర్వు రద్దు. బిడ్డను ఈ సాయంత్రమే తల్లికి అప్పగించాలి.

బిడ్డ మాత్రం రాలేదు. ఆయా భుజంలో మొహం దాచుకుంది. అయిదు నెలలంటే ఆ వయసుకు ఎంత కాలమో! బయమ్మ చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. "సహస్రా, వెళ్ళమ్మా" అంటోంది ఆయా.

"తిప్పీ" అంది బయమ్మ, మెల్లగా. "ఏయ్ తిప్పీ, రాయే."

అయిదు నెలలుగా ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. బిడ్డ తల తిప్పి చూసింది. చూసి, పెదవి విరిచి, ఒక్క ఏడుపుతో తల్లి మీదికి దూకింది. సిద్దమ్మ ఇద్దరినీ కలిపి వాటేసుకుంది. ఈసారి కృపాకుమారి దివాకర్ ఉన్నాడో లేడో కూడా చూసుకోలేదు, హాయిగా ఏడ్చేసింది.

నాలుగూ పదికి అందరూ కోర్టు వరండాలో ఉన్నారు. ప్రాణం తేలికపడి టీ కూడా రుచిగా అనిపించింది. దివాకర్ కాస్త దూరంలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. పని పోయినట్టే, అయినా మొహంలో పెద్ద విచారం లేదు.

"ఎవురో తెలియనోడు రాసి ఇంత చేసినాడు" అంది కృపాకుమారి. "తిప్పంటే చెత్తకుప్పంట!"

"తెలియనోడు గాదక్కా" అంది బయమ్మ, బిడ్డ జుట్టు సర్దుతూ. "ఆంజినప్ప సారు మంచోడు. సదనంలో కాగితాలు రాసేది ఆయప్పే, మా పక్కూరే. నేను చెప్పకముందరే ఆయప్పే అడిగె. 'ముందర బిడ్డలు పోయినారా, దీన్ని తిప్పలో వేసినారా, తవుడుకు ఎవురు కొనిరి' అని. నాకంటే ముందర కూర్చోనుండిన హనుమక్కను గూడా ఇట్లే అడిగె. ఆయమ్మది కణేకల్ పక్క."

కృపాకుమారి గ్లాసు కింద పెట్టింది. ఆచారం తెలియనివాడు పొరపాటున రాయవచ్చు. తవుడు సంగతి తానే అడిగినవాడు చెత్తకుప్ప అని రాయడం పొరపాటు కాదు. ఏ ప్రశ్నకు ఏ తల్లి సంబరంగా అవునంటుందో వాడికి ముందే తెలుసు.

దివాకర్ స్తంభం వదిలి దగ్గరికొచ్చాడు. ఆయన మొహం పాలిపోయింది.

"మేడం, ఈ పని అప్పగించేటప్పుడు నాకు ఇంకో మూడు వాంగ్మూలాల నకళ్ళు ఇచ్చారు. ఇలాంటివి ముందు ముందు వస్తాయి, చూసి ఉంచుకో అన్నారు." బ్యాగులోంచి కాగితాలు తీశాడు. "ఊరూ, తేదీ, తల్లి పేరూ తప్ప వాక్యం ఒక్కటే. చెత్తకుప్పలో పారవేసి, విక్రయించితిని."

రెండో కాగితం హనుమక్కది. బిడ్డ పేరు దగ్గర ఆరవ్ అని టైపు చేసి, రెండేళ్ళ మగబిడ్డ ఫోటో అంటించి ఉంది. కమిటీ ఉత్తర్వు జూలై తొమ్మిది. అప్పీలుకు గడువు ముప్పై రోజులు. ఈరోజు ఆగస్టు ఎనిమిది. కోర్టు ఆఫీసు అయిదింటికి మూసేస్తారు.

"ఉమా!" కృపాకుమారి కేకకు మెట్లు దిగుతున్న లాయరు ఆగిపోయింది. "హనుమక్కను పట్టుకోవాల, యాభై నిమిషాల్లో. ఆయమ్మ ఫోనులో ఊ అంటే అప్పీలు ఈ పొద్దే వేద్దాం. బయమ్మా, నీ మొగుడు గొర్రెలు మేపేది ఆ పక్కనే గదా?"

"ఆయమ్మ ఊరి కాలవ గట్టు మీదే" అంటూ బయమ్మ ఫోను కలిపి స్పీకరు పెట్టింది. అవతల గొర్రెల అరుపులు, వాటి మీదుగా ఓబులేష్ గొంతు.

"బిడ్డ వచ్చెనా?"

"వచ్చినాది. నా ఒళ్ళోనే ఉండాది."

ఓబులేష్ ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. కృపాకుమారి ఫోను అందుకుంది.

"ఓబులేసూ, ఏడ్చేది ఆమీద. ఆ ఊర్లో హనుమక్కను ఎరుగుదువా? కొడుకును సదనంలో పెట్టుకునిరి, ఆయమ్మ."

"ఎరుగుదునక్కా, పాపం. ఆ బిడ్డ సదనంలోనే జెరమొచ్చి సచ్చిపోయినాడని చెప్పిరంట, జూన్‌లో. శవాన్ని గూడా చూపించలేదంట. మొన్న ఊరంతటికీ అన్నం పెట్టి దినాలు చేసినారు, నేనూ తిని వస్తి."

కృపాకుమారి చేతిలోని కాగితం చూసింది. ఫోటో కింద సదనం ముద్ర, తీసిన తేదీ జూలై ఆరు. నుదుటి మీద జుట్టు పడుతుంటే నవ్వుతున్నాడు పిల్లవాడు.

"గొర్రెల్ని ఆడనే ఇడిసిపెట్టు" అంది. "ఆయమ్మ ఇంటికి పరుగెత్తి ఫోను ఆయమ్మ చేతికియ్యి. కొడుకు బతికుండాడని నేనే చెప్తా."